జ్యూరీ ఆలస్యానికి అర్థం ఉందా?

ప్రశ్న: అమెరికాలో హత్య కేసుల్లో జ్యూరీ (సాక్ష్యాలు విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) చర్చకు కూర్చోగానే టీవీల్లో జోస్యాలు మొదలవుతాయి. త్వరగా తేలిస్తే శిక్షేనని, ఆలస్యమైతే నిందితుడు బయటపడతాడని అంటారు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మకండి. 1995లో మాజీ భార్యను, ఆమె స్నేహితుణ్ని చంపాడన్న కేసులో మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ విచారణ నెలల తరబడి సాగినా, జ్యూరీ నాలుగు గంటలైనా తీసుకోకుండా నిర్దోషి అంది. 2011లో కూతుర్ని చంపిందన్న కేసులో కేసీ ఆంథనీ జ్యూరీ సుమారు 11 గంటలు కూర్చుని హత్యాభియోగం నిలవదంది. 2021లో జార్జ్ ఫ్లాయిడ్ మృతి కేసులో పోలీసు అధికారి డెరిక్ షావిన్ జ్యూరీ సుమారు 10 గంటల్లో మూడు అభియోగాల్లోనూ దోషి అని తేల్చింది. గడియారం చూసి ఏం చెప్తాం?

జ్యూరీ జడ్జికి పంపే చీటీల మీద ఊహలు మరీ ఎక్కువ. ఫలానా సాక్ష్యం మళ్లీ వినిపించమన్నారంటే జ్యూరీలోని పన్నెండుమందీ అటు మొగ్గినట్టు కాదు. ఒక్కరి సందేహం తీర్చడానికే మిగతావాళ్లు అడిగి ఉండొచ్చు. దోషి అనాలంటే అందరిదీ ఒకే మాట కావాలి. ఒక్కరు ససేమిరా అన్నా చిక్కే. జడ్జి మళ్లీ చర్చించమంటారు. అప్పటికీ కుదరకపోతే మిస్‌ట్రయల్, అంటే తీర్పు లేకుండానే ఆ విచారణ ముగుస్తుంది. అది విడుదల కాదు, ప్రాసిక్యూటర్ మళ్లీ విచారణకు వెళ్లొచ్చు.

అన్నట్టు, మన దగ్గర 1959లో నానావతి కేసులో (భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నౌకాదళ అధికారి కేసు) జ్యూరీ 8–1తో నిర్దోషి అన్నా, బాంబే హైకోర్టు దాన్ని పక్కనపెట్టి యావజ్జీవం వేసింది. అమెరికాలో జ్యూరీ నిర్దోషి అన్నాక ప్రాసిక్యూషన్‌కు అప్పీలే లేదు.