కోరింగ బురద మీద పరిశోధన చేస్తానంటే నాన్న ఫార్మా అంటున్నారు

ప్రశ్న: మాది కాకినాడ. బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కోరింగ మడ అడవుల బురదలో పేరుకునే భారలోహాల మీద పరిశోధన చేయాలని ఉంది. ఫార్మా వైపు వెళ్తే ఉద్యోగం ఖాయమని నాన్న పట్టుబడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఏం చేసినా కెమిస్ట్రీని వదలకమ్మా. ఈ పనికి అసలు బలం, దేనిలో ఏముందో ఎంతుందో కొలిచే ఎనలిటికల్ కెమిస్ట్రీయే.

మడ చెట్ల వేళ్ల మధ్య నీటి వేగం తగ్గి సన్నటి మట్టి దిగుతుంది. సీసం, కాడ్మియం, రాగి, జింకు ఆ మట్టిని, కుళ్లిన ఆకులను అంటుకుని వస్తాయి. కాస్త లోతుకు వెళ్తే ఆక్సిజన్ ఉండదు. అక్కడి బ్యాక్టీరియా ఉప్పునీటిలోని సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది. బురద కెలికితే వచ్చే కుళ్లిన గుడ్డు వాసన దానిదే. ఆ సల్ఫైడే లోహాలను కదలకుండా పట్టి ఉంచుతుంది. రొయ్యల చెరువు కోసమో కాలువ కోసమో తవ్వితే గాలి తగిలి ఆ పట్టు వదులుతుంది. లోహాలు నీటిలోకి, అక్కడి నుంచి పీతల్లోకి, చేపల్లోకి చేరే ప్రమాదం ఉంది. అందుకే 'ఇంత సీసం ఉంది' అని అంకె వేస్తే సరిపోదు. అది ఏ రూపంలో ఉంది? గోదావరి సహజంగా మోసుకొచ్చింది ఎంత, మనుషులు కలిపింది ఎంత? ఇది తేల్చడానికి మట్టిలో సహజంగానే ఉండే అల్యూమినియంతో పోల్చి చూస్తారు. సీసం-210 అనే రేడియోధార్మిక సీసం సాయంతో గత వందేళ్లలో పడిన పొరల వయసు కడతారు. ఈ తేల్చే పనిలోనే నీ చదువంతా అక్కరకొస్తుంది.

నాన్నగారి టెన్షన్‌లో న్యాయం ఉంది. పర్మనెంట్ పరిశోధన పోస్టులు తక్కువ, ప్రాజెక్టు అయిపోతే ఆ ఉద్యోగమూ అయిపోతుంది. కానీ బురదలో సీసాన్ని కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంతోనే ఫార్మా ల్యాబుల్లో మందుల్లోని లోహ మలినాలనూ కొలుస్తారని ఆయనకు చెప్పు. దాని మీద చేయి తిరిగితే ఆ దారి కూడా మూసుకుపోదు.

ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలు ఏపీపీజీసెట్, ఐఐటీ జామ్ రెండూ రాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం విశాఖలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని, చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రాన్ని ముందుగానే అడుగు. తర్వాత అర్హత పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది.

ఇంకో మాట. కోరింగ 1978 నుంచి అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా గుప్పెడు మట్టి కూడా తీయకు. అనుమతి వచ్చాక ఇనుప పారతో కాకుండా ప్లాస్టిక్ గరిటతో తియ్యి, లేకపోతే పారలోని లోహం కూడా నీ లెక్కలోకి వచ్చేస్తుంది.