మేనమామ తెచ్చిన సంబంధమని చెప్పారు, ఇప్పుడు చిక్కొచ్చి పడింది

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హనుమకొండలో ఓ ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. కాకతీయ యూనివర్సిటీలో ఎంబీఏ చదివేటప్పుడు పరిచయమైన అబ్బాయిని ఇష్టపడ్డాను. వాళ్లది జమ్మికుంట, కులం ఒక్కటే. ఇంట్లో చెబితే నాన్న నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. చివరికి మేనమామే నచ్చజెప్పాడు. శ్రావణంలో పూలు పండ్లు అయ్యాయి, మాఘంలో లగ్గం. చెల్లెకు సంబంధాలు చూడాలి కాబట్టి ఇది మామయ్య తెచ్చిన సంబంధమేనని అమ్మ అందరికీ చెప్పింది. పూలు పండ్ల రోజు వాళ్ల పెద్దమ్మ ‘ఎట్ల కుదిరింది బిడ్డా’ అంటే నేనూ అదే చెప్పాను. పక్కనే ఉన్న ఆయన చెల్లెలు ‘మా అన్న క్లాస్‌మేటే గదా’ అనేసింది. అందరూ నవ్వారు. అప్పటి నుంచి అమ్మకు నా మీద కోపం. దాచడం ఎందుకని ఆయన అంటారు. ఈ మధ్య మామయ్య పదిహేను తులాలు పెడతామని వాళ్లకు మాట కూడా ఇచ్చాడట. పెళ్లిలో ఎవరేం అడుగుతారోనని నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?
– ఓ సోదరి, హనుమకొండ

జవాబు: చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన పదిహేను తులాల సంగతి ముందు చూడాలి. చుట్టాల ప్రశ్నకు జవాబు తేలికే.

‘మామయ్య తెచ్చిన సంబంధం’ అన్న రోజే ఆయన మధ్యవర్తి అయ్యాడు. మన దగ్గర మధ్యవర్తి ఉన్నాడంటే పెట్టుపోతల ముచ్చట ఆయన నోటి మీదుగానే నడుస్తుంది. మీరిద్దరూ ఇష్టపడి ఇంట్లో చెప్పారని తెలిసి ఉంటే ‘పిల్లలేమంటున్నరు?’ అని ఒక్కరైనా అడిగేవారు. ఇప్పుడు మిమ్మల్ని అడగాలని ఎవరికీ తోచలేదు. అమ్మ చెప్పిన అబద్ధానికి అసలు ఖర్చు ఇదే. మామయ్య ఉద్దేశం చెడ్డదని అనుకోనక్కర్లేదు. నలుగురిలో మేనకోడలి పెళ్లి గొప్పగా చేశాననిపించుకోవాలని ఏ మేనమామకు ఉండదు?

ముందుగా తేలాల్సింది ఒకటే: బంగారం వాళ్లు అడిగారా, మామయ్యే అన్నాడా? ఈ మాట మీ కాబోయే ఆయన్ని సూటిగా అడగండి. ‘నాకు తెలియదు, కనుక్కుంటా’ అంటే మంచిదే, రెండు రోజులు ఆగండి. ‘అవన్నీ పెద్దలు చూసుకుంటరు, మనకెందుకు’ అంటే మాత్రం అక్కడితో వదలొద్దు. మీరెట్లా కలిశారో దాచొద్దని గట్టిగా అనే మనిషి డబ్బు దగ్గర తప్పుకుంటే అది గమనించాల్సిన విషయమే.

మామయ్యే అని ఉంటే అమ్మానాన్నలు, మామయ్య, మీరు నలుగురూ కూర్చోండి. తులం లెక్క దగ్గరే గొడవలు మొదలవుతాయి. ఇప్పుడు అంగట్లో తులమంటే 10 గ్రాములు. పాత లెక్కలో 11.66 గ్రాములు. పదిహేను తులాలంటే ఒక లెక్కన 150 గ్రాములు, ఇంకో లెక్కన 175 దాకా. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ వేరే. అమ్మ మీ కోసం ఇదివరకే చేయించి పెట్టిన గొలుసు, గాజులు అందులో కలుస్తాయా? పుస్తెలతాడు, నల్లపూసలు ఎవరు చేయిస్తారు? ఇవేవీ మాట్లాడకుండా ‘పదిహేను’ అన్న అంకె ఒక్కటే జమ్మికుంటకు చేరింది. నాన్న ఎంత పెట్టగలరో గ్రాముల్లో తేల్చుకుని, ఆ మాట మామయ్య చేతే వాళ్లకు చెప్పించండి. ఇచ్చిన మాటను ఆయనే సవరిస్తే ఆయన పెద్దరికం నిలుస్తుంది. నాన్న ఫోన్ చేసి తగ్గిస్తే ఇద్దరి మధ్య పుల్ల పడుతుంది. కొనేటప్పుడు హాల్‌మార్క్, నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తింపు కోడ్ (హెచ్‌యూఐడీ) చూసుకుని బిల్లు మీ పేరనే రాయించండి.

వాళ్లే అడిగి ఉంటే అది కట్నం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడగడమే నేరం, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు. ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం 5 ఏళ్లు. ఎవరూ అడగకుండా ఇష్టంతో పెట్టే కానుకలకు చట్టం అడ్డు చెప్పదు, అవి తాహతుకు మించకూడదు. వస్తువు, అందాజు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం రాసి జాబితా చేయాలి, దాని మీద మీరిద్దరూ సంతకాలు పెట్టాలి. మీకొచ్చిన కానుకల జాబితా మీ దగ్గరే ఉండాలి. పెళ్లి హడావుడిలో ఎవరూ చేయని పని ఇది, మీరు చేయండి. పూలు పండ్లు అయినంత మాత్రాన చట్టం దృష్టిలో పెళ్లి అయినట్టు కాదు. ఒత్తిడి పెరిగితే ఆగడానికి ఇంకా సమయం ఉంది. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా, ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లినా సలహా దొరుకుతుంది.

ఇక చుట్టాల సంగతి. కొత్త కథ అల్లొద్దు. రెండు కథలు ఒకే గదిలో ఎదురుపడితే ఏమవుతుందో చూశారు. జరిగినదాంట్లోంచే రెండు ముక్కలు తీసుకోండి: ‘కేయూలో ఒక్కటే క్లాసు. ఇంట్ల చెప్పినం, మామయ్య ముందుండి మాట్లాడిండు.’ రెండూ నిజాలే. మామయ్య పేరూ ఉంది, మీ కాబోయే ఆయన ఇంటివాళ్ల మాటా ఉంది. ‘ఎన్నేండ్ల సంది?’ అని గుచ్చి అడిగితే ‘పీజీ నుంచి తెలుసు పెద్దమ్మా’ అని లేచి చాయ్ తేవడానికి వెళ్లిపోండి. ఎవరు ముందు చెప్పారు, ఎక్కడెక్కడ తిరిగారు, నాన్న ఎన్నాళ్లు మాట్లాడలేదు, ఇవి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. వివరాలు చెప్పకపోవడం మీ హక్కు, అది అబద్ధం కిందికి రాదు. మీ కాబోయే ఆయన కూడా ఇవే రెండు ముక్కలు వాళ్లమ్మకు, చెల్లెలికి చెప్పి ఉంచాలి.

అమ్మను ఒప్పించడం కొంచెం కష్టమే. ఆమె భయం చెల్లె గురించి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి. రేపు చెల్లెను చూడ్డానికి వచ్చేవాళ్లు వాడకట్టులో, మీ ఊళ్లో, కాలేజీలో ఆరా తీస్తారు. పెళ్లికి మీ క్లాసంతా వస్తుంది. ‘అక్కది క్లాస్‌మేట్ సంబంధం, పెద్దలే దగ్గరుండి చేసిండ్రు’ అన్నది ఇవాళ చాలా ఇళ్లలో చెల్లుతుంది. ‘అక్క సంగతి దాచిండ్రు’ అన్న మాట చెల్లదు. ఇది నాన్న ముందు కాకుండా, వంటింట్లో అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు చెప్పండి. వెంటనే ఒప్పుకోకపోతే, ఆమె నోటితో నిజం చెప్పమని అడగొద్దు. ఇకపై ‘మా తమ్ముడు తెచ్చిండు’ అనడం మానేస్తే చాలు.

మాట జారేది మనుషుల నోటి నుంచే కాదు. ప్రీవెడ్డింగ్ వీడియోలో స్టూడియోవాళ్లు ‘అయిదేళ్ల ప్రేమ’ అని అక్షరాలు వేసి ఫంక్షన్ హాల్ తెర మీద ఆడిస్తారు. ఆ వీడియో మీరిద్దరూ ముందే చూసి ఓకే చెప్పాలి. పాత ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దని దగ్గరి స్నేహితులకు ఓ మాట చెప్పండి.

ఇదంతా సద్దుల బతుకమ్మ లోపే కానివ్వండి. పద్మాక్షి గుట్ట దగ్గర వాడకట్టు ఆడవాళ్లంతా కలిసే రోజు అది, ‘పిల్లగాడేం చేస్తడు, ఎట్ల కుదిరింది’ అని మొదట అడిగేది అక్కడే. పెళ్లిలో గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకొచ్చే మర్యాద మామయ్యదే. ఆయనకు, అత్తమ్మకు బట్టలు మంచివి పెట్టండి. బంగారం లెక్క మాత్రం ఇక నుంచి నాన్న, మీరు కలిసే మాట్లాడండి.