పురుగు పట్టిన అడవికి మందు కొడితే పోదా?

ప్రశ్న: మేం అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ దగ్గర ఉంటాం. మొన్న వేసవిలో అమ్మానాన్నల్ని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి తీసుకెళ్లాం. టింబర్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌లో నీడే లేదు, పురుగు పట్టిందని చెట్లు కొట్టేశారట. కొండల మీద మాత్రం ఎండిన చెట్లు అలాగే ఉన్నాయి. ముందే మందు కొట్టి ఉండొచ్చు కదా? పిల్లలతో అక్కడ టెంట్ వేసుకోవచ్చా?

జవాబు: అది మౌంటెన్ పైన్ బీటిల్ అనే పెంకుపురుగండీ. బియ్యపు గింజంత ఉంటుంది. ఎక్కడి నుంచో వచ్చింది కాదు, ఆ కొండల్లోదే. వేసవిలో ఎగిరొచ్చి బెరడు తొలిచి లోపల గుడ్లు పెడుతుంది, వస్తూ వస్తూ ఒక శిలీంధ్రాన్ని కూడా మోసుకొస్తుంది, అది చెట్టులో నీళ్లు పైకెక్కే దారుల్ని మూసేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పైన్ చెట్టు బంక కార్చి పురుగుని బయటికి నెట్టగలదు, కరువులో ఆ శక్తి ఉండదు. చలికాలంలో మైనస్ 40 డిగ్రీల చలి కొన్ని రోజులపాటు పడితే లోపలి పిల్లపురుగులు చస్తాయి, అలాంటి చలి ఇప్పుడు అరుదైపోయింది.

పురుగు లోపలికి దిగాక మందు పనిచేయదు. అది ఎగరకముందే మాను చుట్టూ తడిసేలా కొట్టాలి, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కొట్టాలి. 1996 నుంచి 2013 దాకా కొలరాడోలో ఈ పురుగు దాదాపు 34 లక్షల ఎకరాల అడవిని దెబ్బతీసింది, అంత అడవిలో ఒక్కో మానుకీ మందు ఎవరు కొడతారు? కొట్టినా అది వాగుల్లోకి దిగితే నీటి పురుగులకి, పూల మీద వాలితే తేనెటీగలకి ముప్పు. అందుకే పార్కు వాళ్లు జనం పడుకునే, నడిచే, కార్లు ఆపే చోట్లనే పట్టించుకున్నారు, కాపాడుకోవాల్సిన చెట్లకి మందు కొట్టి, పడిపోయేలా ఉన్నవాటిని నరికేశారు. నన్నడిగితే అదే సరైన పని. లోపలి అడవిలో ఎండిన మానులు వడ్రంగిపిట్టలకి గూళ్లవుతాయి, వాటి మధ్య వెలుతురు పడి కొత్త మొక్కలు లేస్తాయి.

టింబర్ క్రీక్‌లో పడే చెట్లు కొట్టేశారు కాబట్టి టెంట్ నిశ్చింతగా వేసుకోండి, నీడకి పందిరిలాంటి క్యానపీ తీసుకెళ్లండి, పెద్దవాళ్లకి ఆ ఎత్తులో ఎండ గట్టిగా తగులుతుంది. వేరేచోట దిగితే మాత్రం ముందు తలెత్తి చూడండి, ఎండిన చెట్టు వేర్లు కుళ్లి గాలి లేకపోయినా పడిపోతుంది, గాలి రోజైతే అలాంటి చెట్ల మధ్య పిల్లల్ని నడిపించొద్దు. ఇంటి దగ్గరి కట్టెలు కారులో వేసుకెళ్లకండి, కట్టెల్లో దాక్కుని పురుగులు ఊళ్లు దాటతాయి. యాష్ అనే జాతి చెట్లని చంపే ఇంకో పురుగు కూడా 2013లో మీ దగ్గరి బౌల్డర్ ఊళ్లో బయటపడింది, కట్టెలతో అలాంటివి కూడా వ్యాపిస్తాయి. మంట వేసుకోనిచ్చే రోజైతే కట్టెలు అక్కడే కొనుక్కోండి.