నల్గొండ నుంచి అమ్మ, పిల్లలతో హైదరాబాద్ జూ: ఒక్క రోజులో ఎలా?

నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. వీళ్లతో జూ చూసుకుని అదే సాయంత్రం సాలార్‌జంగ్, చార్మినార్ కూడా కానిచ్చేయొచ్చా అని అడిగారు. వద్దండీ. మాది అత్తాపూర్ వైపు, వేసవి సెలవుల్లో ఏ చుట్టాలొచ్చినా జూకి తీసుకెళ్లే డ్యూటీ నాదే కాబట్టి చెప్తున్నా, దాదాపు 380 ఎకరాల పార్కు అది, మూడింటికల్లా చిన్నపిల్లలు చంకెక్కుతారు, ఆ తర్వాత చార్మినార్ రద్దీలోకి తీసుకెళ్తే వాళ్లకీ చిరాకే, మీకూ చిరాకే. ఆ రోజంతా జూకే ఇచ్చేయండి.

ముందుగా ఏ రోజు వెళ్లాలన్న సంగతి. జూకి సోమవారం సెలవు. ఆదివారాలు, జనవరి 1, సంక్రాంతి సెలవులు, రంజాన్ మర్నాడు మాత్రం అటువైపు చూడకండి, జనం తలలు తప్ప జంతువులు కనపడవు. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏదో ఒక రోజు పెట్టుకుని, గేటు తీసే వేళకే, అంటే ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండేలా బయల్దేరండి. నల్గొండ నుంచి వంద కిలోమీటర్లు, పైగా ఎల్బీనగర్ దగ్గర ట్రాఫిక్ ఉంటుంది, ఆ లెక్కన ఐదున్నరకే ఇల్లు కదలాలి. అది కష్టమనుకుంటే ముందు రాత్రి ఎవరైనా బంధువుల ఇంట్లో పడుకోవడం నయం. సొంత బండి అయితే ఆరాంఘర్ మీదుగా రండి, 2025 జనవరిలో అక్కడి నుంచి జూపార్కు దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు, ఆ రోడ్డు బాధ చాలా తగ్గింది.

పొద్దున్నే ఎందుకంటున్నానంటే పులులూ సింహాలూ చల్లగా ఉన్నప్పుడే అటూ ఇటూ తిరుగుతాయి. పదకొండు దాటితే ఏ మూల నీడలోనో పడుకుంటాయి, మీ బాబు "పులి ఎక్కడ నాన్నా" అంటే దూరంగా చారల తోక చూపించాల్సిందే. కాబట్టి గేటు దాటగానే మొదటి బోనుల దగ్గర ఆగిపోకుండా సఫారీ టికెట్ సంగతి తేల్చుకుని, పెద్ద జంతువులన్నీ ఆ రెండు గంటల్లోనే చూసేయండి. సఫారీ గురించి నా అభిప్రాయం అడిగితే, క్యూ చిన్నగా ఉంటే ఎక్కండి, గంటసేపు నిలబడాల్సి వస్తే మాత్రం వదిలేయండి, బస్సులో కిటికీ పక్క సీటు దొరకని పిల్లలకి ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి.

అమ్మగారిని మాత్రం నడిపించొద్దు. బ్యాటరీ బండి టికెట్ మొదట్లోనే తీసుకోండి, ఎక్కడ దిగనిస్తారు, మళ్లీ ఎక్కనిస్తారా అని డ్రైవర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. 2025 మార్చి నుంచి గేటు టికెట్ పెద్దలకు వంద, పిల్లలకు యాభై చేశారు. సఫారీ, టాయ్ ట్రైన్, బ్యాటరీ బండి అన్నింటికీ వేరే టికెట్లు, అన్నీ ఎక్కితే ఖర్చు బాగానే అవుతుంది, ముందే లెక్క వేసుకోండి.

ఎండ ముదిరాక చూడాల్సింది నిశాచర జంతువుల ఇల్లు. అక్కడ పగలు చీకటి చేసి, రాత్రి లైట్లు వేస్తారు, అందుకే గబ్బిలాలు, పునుగు పిల్లుల్లాంటివి మనం వెళ్లే వేళకి మేలుకుని తిరుగుతుంటాయి. చాలామంది లోపలికెళ్లి "ఏమీ లేదు" అని అర నిమిషంలో బయటికొచ్చేస్తారు. మీరు గోడ పక్కన కాస్త ఆగండి. కళ్లు ఆ చీకటికి అలవాటు పడేసరికి కొమ్మ మీద ముద్దలా ఉన్నది మెల్లగా కదుల్తుంది, రెండు గుండ్రటి కళ్లు ఇటు తిరుగుతాయి. మా అక్క కూతురు అక్కడి నుంచి కదలనంది, పులి దగ్గర కూడా అంతసేపు నిలబడలేదు. ఫోన్ టార్చ్ మాత్రం వేయకండి, పక్కవాళ్లు వేస్తే వద్దని చెప్పండి. మీ పాప చీకటంటే భయపడే రకమైతే ఎత్తుకుని వెళ్లండి.

టాయ్ ట్రైన్ మధ్యాహ్నం భోజనం తర్వాతకి దాచండి, అమ్మగారికీ కూర్చున్నట్టుంటుంది, పాప ఒళ్లో నిద్రపోయినా పర్లేదు. తిండి ఇంటి నుంచే తెచ్చుకోండి, పులిహోర, పెరుగన్నం స్టీలు డబ్బాల్లో, నీళ్లు కూడా స్టీలు బాటిళ్లలోనే. లోపల ప్లాస్టిక్ నిషేధం, గేటు దగ్గర బ్యాగులు వెతుకుతారు, అక్కడ కవర్లు విప్పి సర్దుకుంటూ కూర్చుంటే లైన్లో వెనకవాళ్లు గొణుగుతారు.

పిల్లల జేబుల్లో మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. నాలుగున్నరకల్లా గేటు వైపు నడక మొదలుపెట్టండి, మూసేవేళకి అందరూ ఒకేసారి బయటికొస్తే ఆటోవాళ్లు నోటికొచ్చిన రేటు చెప్తారు. చార్మినార్, సాలార్‌జంగ్ ఇంకోసారి పెట్టుకోండి, మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకుని రండి.