బిషప్ అభిషేకానికి పిలిచారు, ఎలా ఉండాలి?

ప్రశ్న: మా పక్కింటివాళ్లు క్యాథలిక్కులు. వాళ్ల బంధువైన ఒక ఫాదర్‌గారిని పోప్‌గారు బిషప్‌గా నియమించారట. కథీడ్రల్‌లో (బిషప్‌గారి ప్రధాన చర్చిలో) అభిషేకానికి రమ్మని కార్డిచ్చి మరీ పిలిచారు. మేం హిందువులం. ఎంతసేపు కూర్చోవాలి, ఏం కట్టుకోవాలి, అక్కడ ఇచ్చే అప్పం తీసుకోకపోతే ఏమైనా అనుకుంటారా? అదే టెన్షన్.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిరభ్యంతరంగా వెళ్లండి. ముందు అప్పం సంగతి తేల్చేద్దాం. దాన్ని దివ్యసత్ప్రసాదం అంటారు, అది క్యాథలిక్కులకే, అందుకని మొహమాటానికి పోయి లైన్లో నిలబడకండి, మీ సీట్లో మీరు కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు. చీర ఏదైనా పర్లేదు. చాలామంది ఆడవాళ్లు పూజలో కొంగు తల మీద కప్పుకుంటారు, మీకు తోస్తే కప్పుకోండి.

పూజ దాదాపు మూడు గంటలు పడుతుంది. తర్వాత సన్మాన సభ, శాలువాలు, నాయకుల ప్రసంగాలు, భోజనాలు. నన్నడిగితే సభ ఎగ్గొట్టినా నష్టం లేదు, పూజ మాత్రం మొదటి నుంచీ చూడండి. రోమ్ నుంచి వచ్చిన నియామక పత్రం చదివాక చప్పట్లు మోగుతాయి. కాసేపటికి ఆ ఫాదర్‌గారు బలిపీఠం ముందు నేల మీద బోర్లా పడుకుంటారు, పునీతుల (సెయింట్ల) పేర్లు ఒక్కొక్కటే పాడుతుంటే జనమంతా బదులు పలుకుతారు. ఆ తర్వాత ప్రధాన అభిషేకకర్త, ఆయన వెనక మిగతా బిషప్పులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఒక్క మాటా లేకుండా ఆయన తల మీద చేతులుంచుతారు. అప్పటిదాకా మోగిన మైకులూ కీబోర్డూ అన్నీ ఆగిపోతాయి, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోవాల్సింది ఇక్కడే! తర్వాత అభిషేక ప్రార్థన అయ్యేదాకా ఇద్దరు డీకన్లు (ఫాదర్ల కన్నా కింది హోదా సేవకులు) సువిశేష గ్రంథాన్ని, అంటే యేసు చరిత్ర ఉన్న పుస్తకాన్ని తెరిచి ఆయన తలపైన పట్టుకుంటారు. ఆ చేతులూ ఆ ప్రార్థనాతోనే ఆయన బిషప్ అయిపోయినట్టు. ఫొటోగ్రాఫర్లు ఎగబడేది మాత్రం కిరీటం పెట్టేటప్పుడు.

తల మీద పోసేది క్రిస్మ తైలం, అంటే సుగంధం కలిపిన ఆలివ్ నూనె. పోసినాయన చేతి జిడ్డు వదలడానికి పక్కన నిమ్మచెక్కలు పెట్టడం చాలాచోట్ల ఉంది, ముందు వరసలో సీటు దొరికితే గమనించండి. ఆపైన సువిశేష గ్రంథం, ఉంగరం, కిరీటం, కాపరి దండం ఇస్తారు. సొంత మేత్రాసనంలోనే, అంటే ఆయన పాలించే చర్చి ప్రాంతంలోనే అభిషేకమైతే బిషప్ పీఠం మీద కూర్చోబెడతారు. చివర్లో ఆయన జనం మధ్యకు దీవిస్తూ వస్తారు. కొందరు ఉంగరం ముద్దుపెట్టుకుంటారు. మీరు నమస్కారం పెడితే చాలు.

ప్రశ్న: వేరే ఊరికి మారిన బిషప్‌కి మళ్లీ అభిషేకం చేస్తారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చెయ్యరు. అభిషేకం జీవితంలో ఒక్కసారే. పూల ఆంథోని గారు 2008లో కర్నూలు బిషప్‌గా అభిషేకం పొందారు. 2020లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్‌గా నియమించినప్పుడు బాధ్యతల స్వీకారమే జరిగింది. 2022లో కార్డినల్ (పోప్ తర్వాతి హోదా) అయినా అంతే, మళ్లీ తైలం లేదు.

ప్రశ్న: మావాళ్లది మెదక్ సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). మాకు పోప్ లేఖ ఉండదేం?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: మీ సంఘం పోప్ కింద లేదు కదండీ. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి ఏర్పడింది సీఎస్‌ఐ. అధ్యక్ష మండలం (బిషప్ కింది ప్రాంతం) నుంచి పేర్ల ప్యానెల్ వెళ్తే సినడ్, అంటే సంఘం అత్యున్నత సభ ఎంపిక చేస్తుంది, సంఘానికి పెద్దయిన మోడరేటర్ గారు మిగతా బిషప్పులతో కలిసి అభిషేకిస్తారు. తల మీద చేతులుంచడం మాత్రం రెండుచోట్లా ఉంది. ఆంగ్లికన్లలో తొలి భారతీయ బిషప్, మన డోర్నకల్ అజరయ్య గారి అభిషేకం 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో జరిగింది. ఇంకో తేడా, మీ బిషప్పులు పెళ్లి చేసుకోవచ్చు, కాబట్టి ముందు వరసలో బిషపమ్మ గారికీ ఒక కుర్చీ ఉంటుంది.