పాప నటన క్లాసుల ఫీజు తిరిగి రాదా? వీడియోను ప్రకటనకు వాడుకోవచ్చా?

ప్రశ్న: మా పాప మూడో తరగతి చదువుతోంది. ముంబయిలోని ఒక సంస్థ ఆన్‌లైన్‌లో నడిపే నటన శిక్షణలో చేర్పించి, ఆరు నెలల కోర్సుకు రూ.48,000 ఒకేసారి చెల్లించాను. బ్యాచికి ఎనిమిది మంది పిల్లలే ఉంటారని బ్రోచరులో రాశారు. తీరా చేరాక ఒక్కో క్లాసులో ముప్పై మందికి పైగా ఉంటున్నారు. పాపకు వారానికి ఒక్కసారి కూడా వంతు రావడం లేదు. రెండో నెలాఖరున మానిపించి మిగిలిన ఫీజు అడిగితే, కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబోమన్న నిబంధనకు మీరు ఒప్పుకున్నారని, వివాదం ఉంటే ముంబయిలో ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పుకు, రావాలని అంటున్నారు. ఈలోగా పాప క్లాసులో చేసిన ఏకపాత్రాభినయం వీడియోను ‘త్వరలో తెరపైకి’ అనే రాతతో ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనగా పెట్టారు. సీరియల్‌లో పాత్ర ఖాయమని, పోర్ట్‌ఫోలియో కోసం మరో రూ.25,000 కట్టమని ఫోన్లు చేస్తున్నారు. నేనేం చేయాలి? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: ముందుగా, ఆ రూ.25,000 కట్టకండి. బాల కార్మికుల నిషేధ చట్టం 1986ను 2016లో సవరించినప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లలు సినిమాలు, సీరియళ్లు, ప్రకటనల్లో నటించడానికి మినహాయింపు ఇచ్చారు గానీ, దానికి గట్టి షరతులు పెట్టారు. 2017లో సవరించిన నిబంధనల ప్రకారం, షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, అనుమతిని నిర్మాత ముందుగా తీసుకోవాలి. పిల్లలతో రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరుసగా 27 రోజులకు మించి పని ఉండకూడదు. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతాన్ని జాతీయ బ్యాంకులో వారి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. కాబట్టి పాత్ర నిజంగా ఖాయమైతే డబ్బు నిర్మాత నుంచి పాపకు రావాలే తప్ప, పాప తల్లి నుంచి శిక్షణ సంస్థకు వెళ్లాల్సిన పని లేదు. మళ్లీ ఫోన్ వస్తే నిర్మాణ సంస్థ పేరు, షూటింగ్ జరిగే ఊరు, కలెక్టరు అనుమతి పత్రం ప్రతి మెయిల్‌లో పంపమని అడగండి. అవి పంపలేనివారి మాటకు విలువ ఇవ్వనక్కరలేదు. ఆడిషన్ పేరుతో పాపతో విడిగా, మీరు లేనప్పుడు వీడియో కాల్ మాట్లాడాలని ఎవరైనా కోరితే మాత్రం ఒప్పుకోకండి. ఆ సంభాషణలో అనుచితమైనది ఏమున్నా వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ పోలీసులకు గానీ తెలపండి. అది పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం పరిధిలోని విషయం, అక్కడ ఫీజు వివాదం తేలే వరకు ఆగకూడదు.

వీడియో సంగతి నన్ను ఫీజు కంటే ఎక్కువ కలవరపెడుతోంది, ఎందుకంటే డబ్బు ఆరు నెలలు ఆలస్యంగా వచ్చినా వస్తుంది గానీ, ఎనిమిదేళ్ల పిల్ల ముఖం ఎన్ని ఫోన్లలోకి చేరిందో వెనక్కి లాగలేము. క్లాసులను రికార్డు చేసుకోవచ్చన్న నిబంధనకు మీరు ఒప్పుకుని ఉండవచ్చు. అయితే పాఠం మళ్లీ చూసుకోవడానికి చేసే రికార్డింగు వేరు, కొత్తవారిని చేర్చుకోవడానికి వేసే ప్రకటన వేరు. మొదటిదానికి ఇచ్చిన అనుమతి రెండోదానికి చెల్లుతుందని వారు వాదిస్తే, అలాంటి అనుమతి స్పష్టంగా ఎక్కడ తీసుకున్నారో చూపించాల్సింది వారే. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోని 9వ సెక్షను, పద్దెనిమిదేళ్ల లోపు వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించదగిన సమ్మతి తప్పనిసరి చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినా, సంస్థలపై పెట్టిన ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత గానీ అమల్లోకి రావు గనుక, ప్రస్తుతానికి ఆ ఒక్క చట్టం మీదే ఆధారపడమని నేను చెప్పను. మీకు చేతిలో ఉన్న బలమైన ఆయుధం ఆ ‘త్వరలో తెరపైకి’ అన్న రాతే. పాపకు ఏ పాత్రా రాలేదు, పైగా ఆమె క్లాసులు మానేసింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఇది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. దీనిపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. ఆ సంస్థ ప్రకటనను ఆపించగలదు, రూ.10 లక్షల వరకు జరిమానా కూడా వేయగలదు. అన్నిటికంటే ముందు ప్రకటన కనిపించే పేజీని లింకు, తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత వీడియో తొలగించాలని సంస్థకు రాతపూర్వకంగా కోరండి, ఇన్‌స్టాగ్రామ్ ఫిర్యాదుల అధికారికీ విడిగా తెలపండి. ఈ క్రమం తప్పితే వారు వీడియో తీసేసి, అసలు పెట్టనే లేదని అనవచ్చు.

ఇక ఫీజు. విద్య సరుకు కాదని, విశ్వవిద్యాలయాలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు కొన్ని తీర్పుల్లో చెప్పిన మాట నిజమే. ఆ తీర్పులను చూపించి సంస్థ మిమ్మల్ని భయపెట్టవచ్చు. కానీ మను సోలంకి కేసులో 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పు, కోచింగ్ సెంటర్ల వంటి శిక్షణ సంస్థల సేవల్లో లోపం ఉంటే వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చని స్పష్టం చేసింది. మీ సంస్థ డిగ్రీ ఇచ్చే విద్యాసంస్థ కాదు, డబ్బు తీసుకుని సేవ అందించే సంస్థ. ఆర్బిట్రేషన్ నిబంధన ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో తేల్చింది. ముంబయి వెళ్లాల్సిన అవసరమూ లేదు. 2019 చట్టంలోని 34వ సెక్షను, ఫిర్యాదీ నివసించే చోటే కేసు వేసే వీలు కల్పించింది గనుక గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. మైనరు తరఫున తల్లి గానీ తండ్రి గానీ ఫిర్యాదు చేయవచ్చని చట్టంలోనే ఉంది, రసీదు పాప పేరు మీద ఉన్నా ఇబ్బంది లేదు.

అయితే ఫీజు తిరిగి ఇవ్వబోమన్న నిబంధన దానంతట అదే రద్దయిపోతుందని అనుకోకండి. పాపకు ఆసక్తి తగ్గి మీరే మానిపించి ఉంటే మీ కేసు బలహీనంగా ఉండేది. మీకు కలిసివచ్చేది బ్రోచరులోని ఎనిమిది మంది అన్న అంకె. ఈ వయసు పిల్లలకు నటన నేర్పడమంటే ఒక్కొక్కరి గొంతు, చూపు, కదలిక గమనించి దిద్దడమే గనుక, ఎనిమిది మంది అన్న చోట ముప్పై మందిని కూర్చోబెట్టడం అసలు సేవనే మార్చేయడం అవుతుంది. లోపమున్న సేవను ఆపి, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా, డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని వినియోగదారుల రక్షణ చట్టంలోని 2(47) సెక్షను చెబుతోంది. ఫిర్యాదులో సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న రెండు కారణాలే రాయండి. ఒప్పందమే అన్యాయమైనదని ప్రకటించమని అడగకండి, ఆ అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఉంది గానీ జిల్లా కమిషన్‌కు చట్టం ఇవ్వలేదు. మిగిలిన నాలుగు నెలలకు రూ.32,000, దానిపై వడ్డీ, మనోవేదనకు పరిహారం, ఖర్చులు కోరండి. హాజరైన రెండు నెలల ఫీజు కూడా అడగవచ్చు గానీ, అది పూర్తిగా వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

కోచింగ్ సెంటర్లు పది రోజుల్లో ఫీజు వాపసు చేయాలన్న కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాలను మీకు ఎవరైనా వాట్సాప్‌లో పంపి ఉండవచ్చు. వాటి నిర్వచనం నుంచి క్రీడలు, నృత్యం, నాటకం, ఇతర సృజనాత్మక శిక్షణలను మినహాయించారు. అదే ఏడాది నవంబరులో కోచింగ్ ప్రకటనలపై వచ్చిన మార్గదర్శకాల్లోనూ ఈ మినహాయింపే ఉంది. నోటీసులో వాటిని ఉదహరిస్తే అవతలి న్యాయవాదికి మీరే సులువైన జవాబు అందించినట్టవుతుంది. ప్రకటనల విషయంలో అన్ని రంగాలకూ వర్తించే, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన 2022 జూన్ మార్గదర్శకాలను ఉదహరించండి.

బ్రోచరు, రసీదు, వాట్సాప్ సంభాషణలు, క్లాసులో ఎంతమంది ఉన్నారో కనిపించే స్క్రీన్‌షాట్లు భద్రపరచండి. వీటిని సాక్ష్యంగా దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతచేయాలి కాబట్టి, అవి ఉన్న ఫోను మార్చకండి, అందులోని చాట్‌లు చెరిపేయకండి. పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులోనూ మెయిల్‌లోనూ నోటీసు పంపండి. ఈలోగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయిస్తే, అక్కడే రాజీ కుదిరే అవకాశం ఉంది. గడువు దాటినా స్పందన లేకపోతే వినియోగదారుల ఫిర్యాదులను ఆన్‌లైన్‌లో దాఖలు చేసే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయండి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు గనుక కోర్టు రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు, కోరితే వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరుకావచ్చు. వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. ఫిర్యాదుకు నోటీసు ప్రతితో పాటు అది వారికి చేరినట్టు చూపే ట్రాకింగ్ పత్రాన్నీ జతచేయండి.