ట్రిమ్మర్ తీగ మాటిమాటికీ తెగిపోతుంటే

గోడ వారన, కంచె పక్కన గడ్డి కోసేటప్పుడు ట్రిమ్మర్ యంత్రపు నైలాన్ తీగ నిమిషాల్లోనే తెగిపోతోందనీ, నిరుటి తీగ చుట్టను వాడుతున్నాననీ మీరు రాశారు. తీగ ఎండిపోవడమూ, కోసే పద్ధతీ ఇందుకు కారణాలై ఉంటాయని నా అభిప్రాయం.

నైలాన్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. ఆ తేమ ఉన్నంతకాలం తీగ వంగుతుంది. అది ఆరిపోయాక పెళుసుబారి, చిన్న రాయి తగిలినా పుటుక్కున తెగుతుంది. ఒక ముక్కను వేళ్లతో గట్టిగా మడిచి చూడండి. అది విరిగితే చుట్టను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి వాడండి. మిగిలినదాన్ని ఎండ తగలని చోట దాచండి.

ఇక కోసేటప్పుడు తీగ కొన మాత్రమే గడ్డిని తాకాలి. యంత్రం తలను, అంటే తీగను తిప్పే కింది భాగాన్ని, గడ్డిలోకి తోస్తే తీగ పొడవునా రాపిడికి గురై వేడెక్కుతుంది. గోడ దగ్గర తీగ ఇటుకలకు కొట్టుకోకుండా నెమ్మదిగా కదలండి. ఇనుప కంచె అల్లికలో చిక్కుకుంటే ఎంత మంచి తీగైనా నిలవదు కాబట్టి, ఆ కాస్త మేరకు కొడవలే మేలు.

బలంగా ఉంటుందని 2.4 మి.మీ. తీగకు తయారైన తలలో 3 మి.మీ. తీగను ఎక్కించకండి, మోటారుపై భారం పడుతుంది. చుట్టేటప్పుడు రీలుపై ఉన్న బాణం గుర్తు దిశలోనే, ఒక వరసపై మరొకటి అడ్డంగా పడకుండా బిగువుగా చుట్టాలి. వదులుగా ఉంటే లోపలి చుట్లు రాపిడి వేడికి ఒకదానికొకటి అతుక్కుపోయి, తీగ బయటికి రాదు.